చిన్నపీరు గిర్నీకొచ్చిన పూట

బ్లోల్యాంపులో కిరసనాయిలు పోయాలి. చుక్క కూడా ఒలకగూడదు, ఊళ్ళో ఇంకెక్కడా లేదు. బేరింగులకు నూనె పెట్టాలి. నీళ్ళతొట్టి నిండిందో లేదో చూడాలి. గిర్నీరాళ్ళను తిప్పే తోలుపట్టా ఇప్పుడే ఎక్కించగూడదు. ఇంజన్ తలకాయను ఎర్రగా కాల్చాలి. పొగగొట్టం మీద చిల్లుముంత బోర్లించాలి, లేకపోతే గిర్నీ తిరుగుతున్నట్టు ఊరికి వినబడదు. కర్పూరం పట్టుకొచ్చినవాళ్ళను ఆయిలు డబ్బా దగ్గరికి రానియ్యగూడదు. గోపయ్య సేటును మాటల్లో పెట్టాలి. బాపును పెద్ద చక్రానికి దూరంగా కూర్చోబెట్టాలి. భయపడగూడదు.

చివరి రెండూ, తలకాయ ఎర్రబడడమూ తప్ప అన్నీ అయ్యాయి. బాపు తలపాగా తీసి నడుముకు బిగించుకుని చక్రం పక్కనే నిలబడ్డాడు, కదలమంటే కదలడు. భయం సంగతి చెప్పనక్కర లేదు. బ్లోల్యాంపు గుర్రుమంటోంది, నీలిమంట నాలుక చాపి ఇంజన్ తలకాయను నాకుతోంది, ఆ ఇనుము నలుపు నుంచి ఇంకా ఏ రంగులోకీ రాలేదు. ఈ తలకాయ కుంకుమలా ఎర్రబడేదాకా నాకు చేయడానికి ఏ పనీ లేదు. చేతికి పని లేకపోతే మనసు కల్వకుర్తి సంతలో తప్పిపోయిన మేకపిల్ల లాగా అటు పోతుంది, ఇటు పోతుంది. గిర్నీ గడప బయట ఆడవాళ్ళు జొన్నగంపలు ముందర పెట్టుకుని వరుసగా కూర్చున్నారు, వాళ్ళ వెనక వేపచెట్టు కింద రాయచూరు వ్యాపారి బండ్లు విడిచి ఉన్నాయి, ఎద్దులు నెమరు వేస్తున్నాయి. ఆ బండ్లు ఎందుకు వచ్చాయో అందరికీ తెలుసు. గిర్నీ సొంతదారు గోపయ్య సేటు పొద్దున్నే చెప్పాడు. "కిష్టయ్యా, నిన్ను నమ్మినందుకు ఒక్క పొద్దు ఆగుత. పొద్దుగూకే వరకు ఇంజన్ తిరగకపోతె పాత ఇనుము కింద ఆయనకు ఇచ్చేస్త. రజాకార్ల కాలంల బందయిన గిర్నీ, ఇంకెన్నొద్దులు ఈ ఇనుమును కావలి కాయాలె?" అది సేటు ఒప్పందం. బాపుతో నాకున్న ఒప్పందం ఇంకొకటి. ఇయ్యాల తిరిగితే ఉంటాను, తిరగకపోతే రేపు పొద్దున బస్సెక్కి పాలమూరు పోయి సప్లయి ఆఫీసులో గుమస్తాగా చేరుతాను. మాట ఇచ్చాను. మా ఇంట్లో మాట ఇవ్వడం అంటే ఇచ్చినట్టే.

బాపుది కూడా తప్పు కాదు. నా చిన్నప్పుడు ఒకసారి ఆయన వెంట తహసీలు కచేరికి పోయాను. పొద్దున పోయిన మనిషి పొద్దు వాలేదాకా ఒక బల్ల ముందర నిలబడ్డాడు, చెప్పులు బయట విడిచి, తలపాగా చంకలో పెట్టుకుని, ఒక కాలు మీద బరువు వేసి, మళ్ళీ రెండో కాలు మీద వేసి. బల్ల వెనక ఉన్నాయన తలెత్తలేదు. తిరిగి వచ్చేటప్పుడు బాపు ఒకటే మాట అన్నాడు. "నువ్వు బల్ల ఎనక కూసోవాలె బిడ్డ." అందుకే నన్ను హైదరాబాదు పంపాడు, అందుకే నేను టెక్నికల్ కాలేజీలో ఉర్దూలో లెక్కలు నేర్చుకున్నాను, రాత్రిపూట పడుకుంటే కలలో కూడా కొలతలు ఉర్దూలోనే వచ్చేవి. మా వంశంలో మొదటి సర్టిఫికెట్ నాది. దాన్ని బాపు తలకిందులుగా పట్టుకుని చూసి, కండ్లకు అద్దుకుని, "దీనికి బల్ల ఎంత పెద్దగుంటది?" అని అడిగాడు. నేను నవ్వలేదు. ఆ తర్వాత పిండిగిర్నీలో ఇంజన్ నడపడానికి కుదిరానని చెప్పినప్పుడు ఆయన కూడా నవ్వలేదు. "గిర్నీల బల్ల ఉంటదా?" అన్నాడు. ఉండదు బాపూ, ఇంజన్ ఉంటుంది, దాని పక్కన నిలబడాలి. "మల్ల నిలబడుడేనా!" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

నీలిమంట అంచు పచ్చబడింది. సూది తిప్పి సరిచేశాను. ఈ నీలం చూస్తే కాలేజీ వర్క్‌షాపు కళ్ళ ముందుకు వస్తుంది, కొలిమి పక్కన నేనూ, హమీదూ, అమరేందరూ, రఘుపతీ ఒకే డ్రాయింగు బల్ల చుట్టూ. చివరి రోజు మా డ్రాయింగు మాస్టరు మాకు చాయ్ పోయించి, "అయిదేండ్లకు ఎవడెక్కడుంటడో?" అన్నాడు. రఘుపతి ఓవర్సీయరు అన్నాడు, హమీద్ కరెంటు అన్నాడు, అమరేందర్ ఇంకా తేల్చుకోలేదన్నాడు, నేను బల్ల అన్నాను. బాపు చెప్పినదే కదా. మాస్టరు కప్పు కింద పెట్టి, "ఎక్కడున్నా సరే, పని అయినాక సాయంత్రం చేతులు కడుక్కుంటరు గదా, అప్పుడు ఏమనిపిస్తదో జర చూసుకోండ్రి. దానికి మించిన పరీక్ష నేను పెట్టలేను" అన్నాడు. అప్పుడు మాకు అది ముసలాయన మాటలాగే అనిపించింది. హమీద్ అనుకున్నట్టే హైదరాబాదు కరెంటు కంపెనీలో చేరాడు. పోలీసు యాక్షను అయినాక కరాచీ పోతాడని అందరూ అన్నారు, వాడి చుట్టాలు మూటలు కట్టారు కూడా. "నా మీటర్లను ఎవనికి అప్పజెప్పి పోను?" అని వాడు పోలేదు. పోయిన నెల నేను ఇంజన్ తలకాయ కింద వేసే రాగి వాషరు దొరకట్లేదని కబురు పెడితే, జడ్చర్ల బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు, చక్కగా గుండ్రంగా, చిన్నపిల్ల కడియం లాగా. రఘుపతి ఓవర్సీయరు అయ్యాడు. టోపీ ఉంది, సైకిలు ఉంది, బల్ల ఉంది. నల్గొండ రోడ్డు మీద వాగుకు కల్వర్టు కట్టాడు. అమరేందర్ సంఘంలో చేరి దళంలోకి పోయాడు, విరిగిన తుపాకులు బాగుచేస్తాడు అన్నారు, రఘుపతి కట్టిన కల్వర్టును మిలిటరీ లారీలు రాకుండా పగలగొట్టింది వాడి దళమే అన్నారు. రఘుపతి జడ్చర్ల స్టేషన్లో కనబడినప్పుడు కోపంతో ఊగిపోతూ, "కరెక్టుగా ఏడ కొడితె పడతదో ఆడనే కొట్టిండు. ఆ లెక్క నా కాయితం జూసే కాపీ కొట్టిండు, కొడుకు!" అన్నాడు. అని, ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వాడు, నేను కూడా నవ్వాను, కూలీలందరూ మమ్మల్ని చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "పానం బాగుంటె సాలు" అన్నాడు. గిర్నీకి ఆయిలు పర్మిటు ఇప్పించింది ఈ రఘుపతే, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. తన బల్ల మీద తనకు ఇష్టం లేదట, కల్వర్టు కట్టేటప్పుడు ఇసుకలో నిలబడ్డ రోజులే బాగున్నాయట. బాపుకు ఈ మాట చెప్పలేదు.

తలకాయ మీద మసిరంగు పోయి గోధుమరంగు మెరుస్తోంది. ఇంకా కావాలి. బయట ఎవరో, "కిష్టన్న పొయ్యి మీద ఏం వండుతున్నడే?" అంటే, ఇంకెవరో, "ఇనుము కూర, ఉడుకతలేదట" అన్నారు, ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఉడుకుతుంది, ఉడుకుతుంది. ఈ ఇంజన్ ఒక్క కుప్పగా ఇక్కడ నిలబడి ఉండడమే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. పోయిన ఎండాకాలం దీన్ని ఊరంతా పంచాను, పెండ్లిలో బూరెలు పంచినట్టు. ఒకపక్క రజాకార్లు తమ క్యాంపుకు కరెంటు దీపాల కోసం ఇంజన్ ఎత్తుకుపోతారని పుకారు, ఇంకోపక్క తుపాకీ గొట్టాలకు పనికొస్తాయని సంఘం వాళ్ళు దీని గొట్టాల మీద కన్నేశారని పుకారు. ఆ రెండోది పుకారు కాదు. ఒక మధ్యాహ్నం గొర్లకాపరి వేషంలో గొంగడి కప్పుకుని అమరేందరే వచ్చాడు. గడ్డం పెరిగింది, కండ్లు మాత్రం అవే. "పొగగొట్టం కావాలెరా" అన్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళ చేతులు చూపించాను, గిర్నీ వచ్చినాక విసురుడు తప్పి బొబ్బలు మానిన చేతులు. వాడు చాలాసేపు చూసి, "సరె, నాకు ఇయ్యకు. ఇయ్యకపోతె ఆళ్ళకు గుడ ఇయ్యకు. ఇప్పి పడెయ్, ఎవ్వనికి అక్కరకు రాకుంట" అని, ఒక రొట్టె తిని, ఇంకో రొట్టె మడిచి గొంగట్లో పెట్టుకుని పోయాడు. మళ్ళీ కనబడలేదు. నల్లమల్ల దిక్కు ఉన్నాడంటారు. ఉండాలి.

మరునాటి నుంచి విప్పాను. పెద్ద చక్రాన్ని, కింది దిమ్మెను ఎవడూ కదల్చలేడు, అవి ఉన్నా ఏమీ కాదు. చిన్నవి పోతే ఇంజన్ లేనట్టే. పిస్టన్ ప్రమీలమ్మ జొన్నగుమ్మిలోకి పోయింది, కనెక్టింగ్ రాడ్డు భిక్షపతి ఇంటి కప్పులో వాసాల మధ్య వాసమయింది, ఇత్తడి బుష్షులు మా ఇంట్లో, బాపు మంచం కింద. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట చెప్పాను, ఇది ఇంజన్ పానం, పైలంగ దాచిపెట్టుండ్రి. అందరికీ అదే చెప్పడం నా తెలివితక్కువతనం. ఎవరికి వాళ్ళు అసలు పానం తమ ఇంట్లోనే ఉందనుకున్నారు. దసరా వచ్చింది, ఆయుధపూజ వచ్చింది, నాగలి పక్కన, కొడవలి పక్కన ఇంటికొక ముక్క పెట్టి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ప్రమీలమ్మ వారం వారం పిస్టన్‌ను చింతపండుతో తోమిందట. మొన్న తిరిగి ఇచ్చేటప్పుడు బొట్టు చెరపొద్దని ప్రమాణం చేయించుకుంది. లోపల ఇప్పుడు ఆ బొట్టుతోనే ఉంది, నూనెలో ఎంతసేపుంటుందో ఉండనీ.

అన్నిటికంటే చిన్నది నాజిల్. జానెడు ఇత్తడి గొట్టం, మొదట్లో రెండు చెవులు, చివర వెంట్రుకంత చిల్లులు. ఆయిలును సన్నటి పిచికారీ చేసి ఎర్రగా కాలిన తలకాయలోకి చిమ్మేది ఇదే. తక్కినవి విరిగితే కమ్మరి అతుకు వేయగలడు, ఇది పోతే సముద్రం అవతల నుంచి రావాలి. అందుకే దీన్ని గులాబ్‌బీ అవ్వకు ఇచ్చాను. ఆమె పెనిమిటి పీర్ల కొట్టాన్ని చూసుకునే ముజావరు, ఆయన పోయినాక పీర్ల పెట్టె తాళం ఆమె కొంగుకే ఉంటుంది. ఆ పెట్టె తెరవమనే ధైర్యం రజాకారుకూ లేదు, దళానికీ లేదు. ఆమె నాజిల్‌ను ఆకుపచ్చ గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టింది. నాకు ఒక అనుమానం లేకపోలేదు. ఊళ్ళో సగం ఇండ్ల జొన్నలు విసిరి బతికిన మనిషి ఆమె. గిర్నీ పెట్టిననాటి నుంచి ఆమె ఇసుర్రాయికి పని తగ్గింది, గిర్నీ ఆగిననాటి నుంచి మళ్ళీ పెరిగింది. అయినా తీసుకుంది. "నాకెందుకు ఇస్తున్నవో నాకెరికే. అల్లా ఉన్నడు, పో" అంది.

ఎర్రబడుతోందా? లేదు, కిటికీలోంచి వాలిన ఎండ పడింది. చెయ్యి అడ్డం పెట్టి చూశాను. ఇంకా గోధుమరంగే. మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు, అప్పుడే బిగిద్దామంటే రజాకార్లకు భయపడి పోయిన సేటు ఇంకా కర్నూలులోనే, ఆయిలు ఎక్కడా లేదు, ఇనుపగొట్టం ఎవరింట్లో దొరికినా తుపాకీ కోసమేనని మిలిటరీ వాళ్ళు అడుగుతున్నారు. ఇంతలో పీర్ల పండుగ వచ్చింది. ఈ ఏడు పీర్లు లేవవని గులాబ్‌బీ తలుపు వేసుకుంది. ఆ నెలల్లో ఆమె ఇంటివాళ్ళు ఎవరూ గడప దాటలేదు, ఎక్కడెక్కడి నుంచో ముసల్మాన్ల ఇండ్ల మీద పడుతున్నారని వార్తలు, ఎవరు మంచిగా పలకరించినా వాళ్ళ కండ్లలో బెదురే. అప్పుడు బాపు ఆమె ఇంటికి పోయాడు, ఆయన వెంట భిక్షపతి, ఇంకా చాలామంది. "ఎందుకు లేవయి అక్కా? గీ పొద్దు దాక మా పిల్లలు పీర్ల కిందికెల్లి దూరకుంట పెరిగిండ్రా? నువ్వు తాళం తియ్యి, మేమున్నం" అన్నారు. ఎప్పుడూ పీర్లు కట్టేవాళ్ళు భయపడి ఊరు విడిచారు కనుక అచ్చంపేట నుంచి ఆమె అల్లుడు దస్తగిరి వచ్చాడు. అతను ఈ ఊరి పీర్లను ముందెన్నడూ కట్టలేదు. గుడ్డ మూట ఒక్కొక్కటే విప్పాడు, లోపలి ఇత్తడి పీరును తోమాడు, గంధం పూశాడు, వెదురుకు కట్టి రంగుగుడ్డల దట్టీలు చుట్టాడు. చివరికి పెట్టె అడుగున ఆకుపచ్చ మూట మిగిలింది.

ఆ సాయంత్రం తలచుకుంటే నాకు ఇప్పటికీ, ఈ మంట ముందర కూడా, నవ్వు ఆగదు. డప్పులు మోగుతున్నాయి, అలాయి గుంతలో నిప్పులు, పీర్లు ఒక్కొక్కటే కొట్టం దిగుతున్నాయి, ఎర్రదట్టీ పెద్దపీరు, నల్లదట్టీ పీరు, వెనక ఆకుపచ్చ దట్టీలో, పూలదండలో, ఊదు పొగలో, రెండు చెవులతో నా నాజిల్. అవ్వ నన్ను చూసింది, నేను అవ్వను చూశాను. అరుగు పక్కన మిలిటరీ జవాన్లు తుపాకులు పట్టుకుని చూస్తున్నారు. అది ఇంజన్ ముక్క అని నోరు తెరిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అవ్వ కండ్లతోనే ఊకో అంది. ఊకున్నాను. ఇంతలో ఎవరో, "కిష్టయ్యా, చదువుకున్నోడివి, చిన్నపీరును నువ్వెత్తు!" అని వెదురు నా చేతిలో పెట్టారు. మూడేండ్ల డిప్లొమా, ఫస్టుక్లాసు సర్టిఫికెట్, ఆపైన డప్పుల దెబ్బ. అలాయి చుట్టూ నా నాజిల్ ఎత్తుకుని ఆడాను. ఇంత బాగా నేను ఎన్నడూ ఆడలేదు. ఆడవాళ్ళు నా ముందర బిందెలతో నీళ్ళు పోశారు, మలీద ముద్దలు పెట్టారు, ఒక జవాను కూడా టోపీ తీసి దండం పెట్టాడు. లీలమ్మ జ్వరంతో తేలిపోతున్న కొడుకును భుజాన వేసుకుని వచ్చి నా చేతి కిందుగా దూరింది. రెండు పొద్దులు పోయినాక ఆ పిల్లవాడు లేచి తినడానికి గట్క అడిగాడు. అంతే. చిన్నపీరు ఊరి పీరయింది.

నిన్న అవ్వ దగ్గరికి పోయి గడపలో నిలబడ్డాను. ఆమె ఇసుర్రాయి ఆపలేదు.

"ఎన్నడొస్తవా అని చూస్తున్న. నీ ముక్క నీకు ఇయ్యనీకి నాకేం తిప్పలు లేదు బేటా. మొక్కినోళ్ళకు ఏం చెప్పాలె?"

"అది నాజిల్ అని చెప్పుదాం అవ్వా."

"చెప్పు. నీకు సదువొచ్చు గద, లీలమ్మకు నువ్వే చెప్పు."

 ఆమె నోరారా నవ్వింది. నేను ఉండబట్టలేక, "గిర్నీ తిరిగితె నీకు విసురుడు పని పోతది గదా అవ్వా" అన్నాను. ఆమె రాయి ఆపి, తన భుజం పట్టుకుని, "పోనీ. ఈ పనిని నేను మొక్కి తెచ్చుకున్ననా?" అంది. అని లేచి, లీలమ్మను, వాడకట్టు ఆడవాళ్ళను కొట్టం మెట్ల దగ్గరికి పిలిపించింది. "చిన్నపీరు ఏడాదంత పెట్టెల పండుకోని ఏంజేస్తడు? పది దినాలు మనకోసం నిలబడ్తడు, కడమ దినాలు మనకు పిండి పట్టనియ్యుండ్రి. గిర్నీల ఉన్నా మన పీరే. నా రెక్కలు గుంజుతున్నయి, మీ రెక్కలు గుంజుతలేవా?" ఎవరూ కాదనలేదు. నాకు మాత్రం షరతు పెట్టింది. పీర్ల పండుగకు గిర్నీ బందు. మొదటి రోజు నేనే విప్పి తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. చేతికి జిడ్డు ఉండగూడదు. సరే అవ్వా. గిర్నీకి రావా రేపు? "ఆ పొగ నాకు పడదు. ఇంట్లనే కూసుంట. ఇనబడ్తది గద."

ఎర్రబడింది. ఇది ఎండ కాదు. చెయ్యి అడ్డం పెట్టినా ఎరుపే, తాంబూలం వేసుకున్న నోటి ఎరుపు. లేచాను. పంపు పిడి కొట్టాను, ఆయిలు లోపలికి పోతున్న బరువు చేతికి తెలియాలి. పిడి రాయిలా బిగుసుకుంది. అయినా, "తిప్పుండ్రి!" అని అరిచాను. బాపూ, భిక్షపతీ, ఇంకొకరూ చక్రం మీద పడ్డారు, చక్రం ఒక సుత్తు తిరిగింది, రెండు సుత్తులు తిరిగింది, ఆయాసపడింది, ఆగింది. దగ్గు కూడా లేదు. మళ్ళీ. మళ్ళీ ఆగింది. గుమ్మంలో నవ్వులు ఆగిపోయాయి. బయట రాయచూరాయన ఎద్దులను లేపుతున్న చప్పుడు, మెడ గంటలు. గోపయ్య సేటు నా దిక్కు చూడకుండా పొద్దు దిక్కు చూశాడు. బాపు చెమట తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాడు. ఆయన ముఖంలో బస్సు లేదు, బల్ల లేదు, ఎట్లయినా దీన్ని తిప్పాలన్న పంతం ఒక్కటే ఉంది. అది చూసి నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఆయిలు డబ్బాలో ఉంది, పంపు దాకా వస్తోంది, లోపలికి పోవడం లేదు. నాజిల్. గంధం! దస్తగిరి పూసిన గంధం, ఆపైన ఊరంతా పూసిన గంధం, ఎండి ఆ వెంట్రుక చిల్లులను మూసేసింది. పొద్దున నేను పైపైన గుడ్డతో తుడిచి బిగించాను. ఎందుకని? పక్కనే లీలమ్మ కొంగు కప్పుకుని చేతులు జోడించి నిలబడి ఉంది కనుక. ఆమె ఎదుట చిన్నపీరును కిరసనాయిల్లో ముంచి బ్రష్షుతో రుద్దడానికి నాకు చెయ్యి రాలేదు.

రెంచీతో నాజిల్ విప్పి చేతిలో పట్టుకున్నాను, వేడి గుడ్డలోంచి కూడా కాలుతోంది. బ్లోల్యాంపు మంట చిన్నదవుతోంది, అడుగున కొంచెమే ఉంది. ఆ కొంచెంలోంచే చిప్పలోకి వంచాలి. లీలమ్మ ఇప్పుడూ గుమ్మంలోనే ఉంది, కొడుకు ఆమె నడుము మీద. ఆమెను చూశాను, నాజిల్‌ను చూశాను, నిలబడిపోయాను.

"ఏందన్నా గట్ల నిలవడ్డవు?" అంది ఆమె.

"కడగాలె లీలమ్మా. గాసునూనెతోటి."

ఆమె నన్ను వింతగా చూసింది. "అయితె కడుగు. పీర్లను లేపేటప్పుడు తానం పోస్తరా పొయ్యరా? పది ఊర్లు చదివొచ్చినవు, గీ మాత్రం తెలవదా?"

మొదట బాపు నవ్వాడు. తర్వాత గోపయ్య సేటు. తర్వాత గుమ్మం, అరుగు, వేపచెట్టు అన్నీ నవ్వాయి. చిప్పలో కిరసనాయిలు పోసి చిన్నపీరుకు స్నానం పోశాను. గంధం కరిగి పచ్చటి మడ్డిలా దిగింది. చిల్లులు వెలుతురుకు పట్టి చూశాను, ఒక్కొక్క చిల్లులోంచి ఒక్కొక్క చుక్క ఆకాశం. బిగించాను. మంట కొస ప్రాణంతో ఉంది, తలకాయ ఎరుపు ఇంకా పోలేదు, పోయేలోపల, పోయేలోపల. పంపు పిడి కొట్టాను, ఈసారి చేతికి బరువు తెలిసింది. తిప్పుండ్రి! బాపు భుజం చక్రానికి ఆనింది, మోట తోలేనాడు ఎద్దును అదిలించినట్టు ఒక కేక వేశాడు, చక్రం ఒక సుత్తు, రెండో సుత్తు, లోపల ఎక్కడో ఒక గొంతు సవరించుకున్న చప్పుడు, టక్, మళ్ళీ ఏమీ లేదు, టక్, టక్, "చెయ్యి తియ్యి బాపూ!" అని అరిచాను, టక టక టక, చక్రం వాళ్ళ చేతుల్లోంచి తనను తాను లాక్కుని తిరగసాగింది. నేల వణికింది, గోడ మీది మట్టి రాలింది, పొగగొట్టం మీది ముంత కూక్, కూక్, కూక్ అని ఊరి మీదికి కూత వేసింది. తొలిపొగ గాలివాటుకు లోపలికి తిరిగింది. నల్లటి ఆయిలు పొగలో సన్నగా, తప్పిపోయి వచ్చిన చుట్టంలాగా, గంధం వాసన. అందరికీ తెలిసింది.  లీలమ్మ కొడుకు ఒక్కడే, "అమ్మా, చిన్నపీరు పాడుతున్నడు" అన్నాడు.

నేను ఏడ్చానో లేదో తెలియదు, కండ్లలో పొగ ఉంది. పట్టా ఎక్కించాను, గిర్నీరాళ్ళు గరగరమన్నాయి, మొదటి గంప జొన్నలు పోశారు, గోనెసంచి మూతిలోకి వెచ్చటి తెల్లటి పిండి రాలింది. దాన్ని చూస్తుంటే హమీద్ వాషరు గుర్తుకొచ్చింది, రఘుపతి పర్మిటు, అమరేందర్ మాట. నలుగురం ఒక్క ఇంజన్‌లో ఉన్నామనిపించింది. ఎవడెక్కడున్నాడని మాస్టరు అడిగితే ఇప్పుడు చెప్పగలను, సార్, అందరం ఇక్కడే. బాపు చక్రం గాలికి ఎదురుగా నిలబడి, వెంట్రుకలు ఎగురుతుంటే, బండ్ల దిక్కు తిరిగి, "ఓ రాయచూరాయనా, ఎద్దులను ఇడువు! తాజా పిండి, రొట్టెలు తిని పో!" అని కేక పెట్టాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, చెవిలో అరిచాడు, లేకపోతే వినబడదు.

"బస్సు రేపు పోనియ్యి."

"మరి బల్ల బాపూ? సేటును అడిగి ఒక బల్ల చేయిస్త."

గుమ్మంలో గంపలతో నిలబడ్డవాళ్ళను ఆయన ఒకసారి చూశాడు. "బల్ల వద్దు బిడ్డ. బల్ల ఉంటె ముందట ఎవరో ఒకరు నిలబడాలె. అరుగు కట్టు, ఎడల్పుగ. అందరు కూసుంటరు."

తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాను. జిడ్డు పోవడానికి ఇసుక రుద్దాను, నీళ్ళు నల్లగా పోయాయి, తర్వాత మాసినట్టు పోయాయి, తర్వాత తేటగా పోయాయి. ఏమనిపించిందో చూసుకున్నాను. చూసుకుని, ఊరికే నిలబడి నవ్వాను. తర్వాత మొదటి సంచిలోంచి ఒక ముంతెడు పిండి గుడ్డలో కట్టుకుని అవ్వ ఇంటికి పోయాను. ఆమె గడపలో కూర్చుని ఉంది. ఇసుర్రాయి పిడి మీద ఆమె చెయ్యి లేదు. రెండు చేతులూ ఒళ్ళో, అరచేతులు పైకి పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి, ఆ కూత వింటోంది.

ఇది చదివినవారికి ఒక మనవి. మీ ఊళ్ళో గిర్నీ ముంత కూతకు వస్తే, మీ ఇంటికి వెచ్చటి పిండి సంచి వస్తే, ఒక్క రొట్టె తట్టినంతసేపు మా గులాబ్‌బీ అవ్వను జర యాది చేసుకోండి.